పట్టు విడవని మందు

ఆ పూలతోటలో మూడు వందల మంది పనిచేసేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరికీ ఆయన అసలు పేరు తెలియదు. అందరికీ ఆయన సూదాయన. ఎదురుపడితే మాత్రం ‘సార్’ అని పక్కకి తప్పుకునేవాళ్ళు.

నెలకోసారి, గాజు ఇళ్ళలో పూలమొక్కలకి పురుగుమందు కొట్టే ఇరవై రెండు మందినీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి, మోచేతి మడతలో సూది గుచ్చి, ఒక్కొక్కరి దగ్గరా చిన్న గొట్టం నిండా రక్తం తీసుకోవడం ఆయన పని. ఆ గొట్టాలన్నీ మంచు పెట్టెలో పెట్టుకుని, పూలు కట్టలు కట్టే షెడ్డు వెనకున్న తన గదిలోకి వెళ్ళిపోయేవాడు. ఒకప్పుడు విరిగిన బకెట్లు పడేసిన గది అది. ఉన్న ఒక్క కిటికీలోంచి చూస్తే ఎదురుగా గోడ. లోపల ఒక ఫ్రిజ్జు, వేడినీళ్ళ తొట్టి, రంగు కొలిచే మిషను, వీపు ఆనించడానికి లేని ఎత్తు స్టూలు. ఇరవై మూడేళ్ళుగా ఆయన ఆ స్టూలు మీదే ఉన్నాడు.

ఆయన కొలిచేది ఒక ఎంజైముని. నరం చెప్పిన మాటని కండకి చేరవేసే పదార్థం ఒకటి మన ఒంట్లో ఉంటుంది. మాట చేరగానే దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టి తుడిచెయ్యడం ఈ ఎంజైము పని. తుడవకపోతే ఆ మాట ఆగదు. కండ అదురుతూనే ఉంటుంది, కళ్ళు కారుతూనే ఉంటాయి, నోట్లో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, చివరికి ఊపిరి తీసే కండలు చేతులెత్తేస్తాయి. పురుగుమందు పురుగుని చంపేది ఈ ఎంజైముని పట్టుకునే. ఈ ఒక్క విషయంలో పురుగుకీ మనిషికీ పెద్ద తేడా లేదు.

ఆ ఎంజైమే రక్తకణాల మీదా ఉంటుంది కాబట్టి సూదాయన వాళ్ళ రక్తంలో రంగు తెప్పించే రసాయనం కలిపి చూసేవాడు. ఎంజైము చురుగ్గా ఉంటే గొట్టంలో పసుపు రంగు గబగబా ఎక్కేది. దానికి ఏదైనా అడ్డుపడి ఉంటే ఆ పసుపు బద్ధకంగా, రావాలా వద్దా అన్నట్టు వచ్చేది. మందు కొట్టే కాలం మొదలవకముందు తీసిన కొలతే ఎవరికి వాళ్ళకి వంద. ఆ వంద డెబ్బై కిందకి దిగిందంటే ఆ మనిషి మళ్ళీ ఎనభైకి ఎక్కేదాకా మందు ముట్టుకోకూడదు. అది తోట రూలు.

మనుషులకి ఆయనంటే గిట్టకపోవడానికి కారణం ఆ రూలే. మందు కొట్టేవాళ్ళు తెల్లవారకముందే పనిలోకి దిగి మధ్యాహ్నానికల్లా ఇంటికి పోవచ్చు. మందు పనిలోంచి తీసేస్తే పూలకట్టల షెడ్డులో సాయంత్రం దాకా నిలబడాలి. సూదాయన కాగితం వచ్చిన రోజు ఎవరో ఒకరి ఇంటి వేళలు తారుమారయ్యేవి. ‘ఆయన చూపు పడితే చాలు, పది అంకెలు దిగిపోతాం’ అని జోకులేసుకునేవాళ్ళు. క్యాంటీనులో ఆయన పళ్ళెం పట్టుకుని వస్తుంటే బల్ల మీద ఖాళీలు ఎలా మాయమయ్యేవో ఏమో, కాళ్ళు కాస్త చాపితే చోటు నిండిపోయేది. ఆయనకి మిగిలేది నీళ్ళ ఫిల్టరు పక్కన ఇద్దరు కూర్చునే బల్ల. అక్కడ ఒక్కడే తినేవాడు, తన చెంచా చప్పుడు తనే వింటూ.

ఇంటి దగ్గరా అంతే. గడియారాలు బాగుచేసే కొట్టు మీద ఒక గది. రెండు కుర్చీలు, ఒకదాని మీద పాత పేపర్లు. మాట వినపడాలని రేడియో పెట్టుకునేవాడు గాని అది ఏం చెబుతోందో ఎప్పుడూ చెవిన వేసుకోలేదు.

ఆయనకి పెళ్ళయింది. భార్య తొమ్మిదేళ్ళుగా బస్సులో రెండు గంటల దూరంలో, తన తమ్ముడి ఇంట్లో ఉంటోంది. ఆ తమ్ముడు కూడా ఒకప్పుడు ఈ తోటలోనే మందు కొట్టేవాడు. బావ దగ్గరే చేతికి సూది గుచ్చించుకునేవాడు, నవ్వుతూ. ఒక నెల అతని లెక్క అరవై ఆరు వచ్చింది. అప్పుడే అతనికి కూతురు పుట్టింది, నెలలు నిండకుండా. మధ్యాహ్నానికి ఇంట్లో లేకపోతే కుదరదు. ఆ సాయంత్రం భార్య సూదాయనకి అన్నం పెడుతూ, “ఒక్క వారం ఆగి రాయకూడదూ? అంతలో వాడే సర్దుకుంటాడు,” అని అడిగింది. ఆవిడ అంతకుముందు ఏదీ అడిగిన మనిషి కాదు. ఆయన మర్నాడు పుస్తకంలో డెబ్బై రెండు అని రాశాడు.

నాలుగో రోజు తమ్ముడు గాజు ఇంట్లో కుప్పకూలాడు. బతికాడు. కాళ్ళలో బలం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. పదడుగులు నడవాలన్నా గోడ కావాలి. భార్య సాయానికని వెళ్ళింది, వెళ్ళినావిడ వెళ్ళినట్టే ఉండిపోయింది. ఆయన రమ్మని పిలవడానికి వెళితే, గుమ్మంలోనే నిలబడి, “మీ మొహం చూస్తే నేను అడిగిన మాటే గుర్తొస్తోంది,” అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

తోటలో అసలు సంగతి ఎవరికీ తెలియలేదు. మిషను ఏదో తప్పు చూపించి ఉంటుందని అందరూ సరిపెట్టుకున్నారు. ఆయన పెదవి విప్పలేదు. అప్పటినుంచి మాత్రం ఎవరెంత బతిమాలినా అంకె మార్చలేదు.

ఆ ఏడాది మందు కాలం మొదట్లో సూపర్‌వైజరు అందరినీ పిలిచి, ఇకమీదట పాత మందు బంద్, కొత్త రకం తెప్పించామని చెప్పాడు. కొత్తది ఎంజైముని పట్టుకున్నా కొద్ది గంటల్లో వదిలేస్తుంది, ఒక రోజు గడిస్తే మనిషి మామూలైపోతాడని వివరించాడు. సూదాయన చాలా సంతోషించాడు. అలాంటి మందులున్నాయని చదువుకున్నప్పుడు విన్నాడు. తన పని సగం తగ్గుతుందని, క్యాంటీనులో మొహాలు కాస్త తేటపడతాయని అనుకున్నాడు.

మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెల ఏడుగురి పసుపు నీరసంగా వచ్చింది. ఆరుగురు ఎనభై దిగువన, డెబ్బైకి పైన. ఏడో మనిషి అరవై ఎనిమిది. ఆవిడని తోటలో ఈలమ్మ అనేవాళ్ళు. ముప్పై అయిదేళ్ళుంటాయి, పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తుంది. మూతికి ముసుగు కట్టుకుని మందు కొడుతున్నా లోపలినుంచి సన్నగా వినపడేది.

కాగితం గోడకి అంటించిన గంటకే ఆవిడ ఆయన గది తలుపు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు.

“అరవై ఎనిమిదికీ డెబ్బైకీ ఎంత దూరం సార్? రెండు అంకెలు,” అంది.

“రాయనమ్మా.”

“మా నాన్న మంచంలో ఉన్నాడు. మధ్యాహ్నం నేను వెళ్ళి పక్కకి తిప్పితేగాని తిరగలేడు. షెడ్డులో వేస్తే సాయంత్రం దాకా ఆయన ఒకే పక్కన పడుండాలి.”

ఆయన మళ్ళీ రాయనన్నాడు. ఈసారి ఆవిడ గొంతు పెంచలేదు, ఇంకా తగ్గించింది.

“మీకేం సార్, ఇంటికెళితే ఎదురుచూసేవాళ్ళు లేరు. మీకెలా తెలుస్తుందిలెండి.”

ఆవిడ వెళ్ళిపోయాక ఆయన చాలాసేపు కడిగిన గొట్టాలనే మళ్ళీ కడిగాడు. తర్వాత షెడ్డు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయికి మధ్యాహ్నం గంటసేపు ఇంటికి వెళ్ళొచ్చే వీలు కల్పించమని అడిగాడు. మేస్త్రీకి ఆశ్చర్యమేసింది, ఈ మనిషి ఒకరి కోసం నోరు తెరవడం ఎప్పుడూ చూడలేదు. సరేనన్నాడు. ఎవరు అడిగారో ఆవిడకి చెప్పొద్దని కూడా ఆయన చెప్పి వచ్చాడు.

సూపర్‌వైజరు ఆ కాగితం చూసి తేలిగ్గా తీసేశాడు. రేపటినుంచి రెండు రోజులు సెలవు, తిరిగొచ్చాక చూడండి, అందరూ గుండ్రాళ్ళలా ఉంటారన్నాడు. మాట నిజమే. కొత్త మందే అయితే రెండు రోజుల్లో అంకెలన్నీ పైకి లేవాలి. మూడో రోజు పొద్దున్నే, పనిలోకి దిగకముందే, సూదాయన ఆ ఏడుగురికీ మళ్ళీ సూది గుచ్చాడు. ఈలమ్మ మొహం తిప్పుకుని చెయ్యి చాపింది.

అంకెలు లేవలేదు. అరవై ఎనిమిది అరవై తొమ్మిదయింది. మిగతావీ ఒకటో, రెండో.

ఆయన గొట్టాలన్నీ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. వదిలేసే మందయితే వదిలేసేదే. ఇది వదల్లేదు. అంటే డబ్బాల మీద రాసి ఉన్నది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి.

అనుమానం వేరు, రుజువు వేరు. ఆయనకి తోటకి వారానికోసారి వచ్చే డాక్టరమ్మ గుర్తొచ్చింది. ఆవిడ మందుల పెట్టెలో పాత రకం మందుకి విరుగుడు ఉంటుంది, సూదిమందుగా. అది ఎంజైముకి అతుక్కున్న మందుని ఊడబెరుకుతుంది, మరీ ఆలస్యం కాకపోతే. డాక్టరమ్మ విని, ఒక సీసా తీసి చేతిలో పెట్టి, ఏం తేలినా ముందు తనకే చెప్పమంది.

మర్నాడు అప్పుడే మందు కొట్టి వచ్చిన ఒకతని రక్తం తీసుకుని ఆయన మూడు వాటాలు చేశాడు. ఒకటి వెంటనే కొలిచాడు. ఒకటి ఒంటి వేడితో ఉన్న నీళ్ళ తొట్టిలో సాయంత్రం దాకా ఉంచాడు, కొత్త మందయితే ఆ వెచ్చదనానికి తనంతట తనే ఊడిపోవాలి. మూడో దాంట్లో విరుగుడు కలిపాడు. విరుగుడే కాస్త పసుపు తెప్పిస్తుందని తెలుసు కాబట్టి, రక్తం లేని ఇంకో గొట్టంలోనూ కలిపి, ఆ కాస్తా తీసేసి చూశాడు. తొట్టిలో ఉంచిన వాటా పొద్దున ఎలా ఉందో అలానే ఉంది. విరుగుడు వేసినది మాత్రం ఆయన కళ్ళెదుటే చిక్కటి పసుపయింది. అందమైన రంగు. డబ్బాల్లో ఉన్నది పాత మందే.

మేనేజరు గదిలో మర్నాడు అయిదుగురు కూర్చున్నారు. మేనేజరు, సూపర్‌వైజరు, స్టోరు గుమాస్తా, డాక్టరమ్మ, సూదాయన. డబ్బాల సంగతి ఇంకా ఎవరూ ఎత్తకముందే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, గుమాస్తా తను లేబుళ్ళ జోలికి పోలేదని అన్నాడు. సూపర్‌వైజరు అతన్ని చూసిన చూపుకి కాలిపోవాల్సింది.

మేనేజరు తెలివైనవాడు. గొంతు పెంచలేదు.

“ఒక గొట్టం రంగు చూసి తోట ఆపమంటారా? తొమ్మిదేళ్ళ కింద మీ బావమరిదికి మీ మిషను డెబ్బై రెండు చూపించింది. నాలుగు రోజులకి పడిపోయాడు. అప్పుడు మంచిది కానిది, ఇప్పుడెలా మంచిదయింది?”

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. ఆవిడకి ఈ సంగతి కొత్త. నిజంగా ఆ పరీక్ష నమ్మదగ్గది కాకపోతే ఆవిడైనా ఏం చెయ్యగలదు?

సూదాయన, “మిషను తప్పు చూపించలేదు. అరవై ఆరు అంది. డెబ్బై రెండు అని రాసింది నేను,” అన్నాడు.

ఎందుకు రాశారని మేనేజరు అడిగాడు. ఎవరైనా చెప్పారా అని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాడు ఆయన. ఆ పాత అంకెలు ముద్రించిన కాగితం చుట్ట ఇప్పటికీ తన గదిలో ఉందని, తెప్పించి చూసుకోమన్నాడు. తెప్పించారు. రంగు వెలిసినా అరవై ఆరు స్పష్టంగా ఉంది.

అక్కడితో మిషను నిలబడింది, మనిషి కూలాడు. ఆ మధ్యాహ్నమే స్టోరులో డబ్బాలన్నిటికీ సీలు వేశారు. కొత్త మందు అనుకున్నంత రాకపోయేసరికి, పారబోయాల్సిన పాత మందుని ఖాళీ అయిన కొత్త డబ్బాల్లో పోసి నెట్టుకొస్తున్నారని బయటపడింది. సూపర్‌వైజరు వారం తిరక్కుండా వేరే తోట చూసుకున్నాడు. ఇరవై రెండు మందినీ మందు పనిలోంచి తీసి షెడ్డులో వేశారు.

దాంతో క్యాంటీను కందిరీగల తుట్టె అయింది. ఒక రోజులో దిగిపోయే మందన్నారు, మరి నెల పైన షెడ్డులో ఎందుకు నిలబడాలి? ఎవరి మాటా ఎవరూ వినని ఆ గోలలోకి సూదాయన పళ్ళెం పట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మ నచ్చజెప్పమని పంపింది, లేకపోతే వచ్చేవాడు కాదు. ఎక్కడ మొదలెట్టాలో తెలియక, గిన్నెలు కడిగే ముసలావిడ పక్కన వెళ్ళి నిలబడ్డాడు.

“ఈ అమ్మ పళ్ళేలు కడుగుతోంది కదా. మీ నెత్తుట్లో ఎంజైము పనీ ఇదే. ఇప్పుడు నేనో అట్ట పళ్ళెం తెచ్చి ఈవిడ చేతిలో పెట్టాననుకోండి. పట్టుకుంటుంది, అది కడిగేది కాదు, పక్కన పడేస్తుంది. ఆ కాసేపు పని పోయింది. అదే అసలు పళ్ళేలు బోలెడు తెచ్చి ముందు పోస్తే, అట్ట పళ్ళెం చేతికి తగలడమే తక్కువవుతుంది. ఇది పోటీ పడే రకం.”

“నాకు అట్ట పళ్ళెం ఇస్తే నీ నెత్తిన పెడతా,” అంది ముసలావిడ. జనం నవ్వారు. ఆయన మాట్లాడుతుండగా ఆ క్యాంటీనులో నవ్వు వినపడటం అదే మొదలు. ఆయన తడబడి, మళ్ళీ అందుకున్నాడు.

“ఇంకో రకం ఉంది. అది చేతిలో ఏమీ పెట్టదు. వెనకనుంచి మోచెయ్యి పట్టుకుంటుంది. పళ్ళెం చేతిలోనే ఉంటుంది, రుద్దడానికి చెయ్యాడదు. ఎన్ని పళ్ళేలు తెచ్చి పోసినా లాభం లేదు, మోచెయ్యి వదలాల్సిందే. సీసం లాంటి లోహాలు కొన్ని ఎంజైముల్ని ఇలా పట్టుకుంటాయి. ఈ రెండు రకాలూ వదిలేవే. మన మందులు చేతికి జిగురు అంటించే రకం. కొత్త దాని జిగురు కాసేపటికి తడికి ఊడిపోతుంది. పాతది ఊడదు. తొందరగా విరుగుడు పడితే వస్తుంది. ముదిరితే విరుగుడుకీ రాదు. ఇంక ఆ చెయ్యి పనికి రాదు, కొత్త మనిషిని పెట్టుకోవాలి. కొత్త మనిషంటే కొత్త రక్తకణం. అవి రోజుకి నూటికి ఒకటి లెక్కన పుడతాయి.”

వెనక బల్ల దగ్గరినుంచి ఈలమ్మ అడిగింది.

“అంటే నేను ఎనభైకి రావాలంటే పదకొండు రోజులా?”

“సుమారుగా. వందకి రావాలంటే నెల దాటుతుంది.”

“తొందర చెయ్యడానికి ఏమీ లేదా?”

“లేదమ్మా. ఆగడమే.”

ఆవిడ తలాడించింది. తన పళ్ళెం తీసుకెళ్ళి ముసలావిడ ముందు మెల్లిగా పెట్టి వెళ్ళిపోయింది.

నెలన్నర గడిచేసరికి అందరి లెక్కలూ తొంభై దాటాయి. కాని ఆ అంకెలు తీసింది సూదాయన కాదు. ఒకసారి తప్పు రాసిన చేతిని నమ్మడం కుదరదని పైవాళ్ళు రక్తం పరీక్షలు బయటి ల్యాబుకి ఇచ్చేశారు. ఆయన్ని తోట చివర మట్టి పరీక్షించే గదికి మార్చారు. ఆయన ఎదురు చెప్పలేదు, న్యాయమేననుకున్నాడు. అక్కడికి మనుషులు రారు. మూటలు కట్టిన మట్టి వస్తుంది. మట్టి మొహం తిప్పుకోదు, అది ఒక సుఖం. బతిమాలడానికీ రాదు. బతిమాలేవాళ్ళు కూడా లేకపోతే రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసింది.

తోటలో మాట దాగదు. ఎవరి నోట పడి వెళ్ళిందో, ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య ఫోను చేసింది.

“నేను అడిగానని ఎందుకు చెప్పలేదు?”

“అడగడం తప్పు కాదు. రాసింది నేను.”

“వాడికి చెప్పాను,” అందావిడ. “నేనే అడిగానని ఇన్నాళ్ళకి వాడికి చెప్పాను. మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నాడు.”

ఆవిడ మాత్రం రమ్మనలేదు. ఆయన అది గమనించాడు, అయినా పై ఆదివారం బస్సెక్కాడు.

బావమరిది గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. జుట్టు నెరిసింది. “చిక్కిపోయావు బావా,” అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అతని కూతురు బడి పుస్తకం తెచ్చి ఆయన పక్కన కూర్చుని, తెలియనివాళ్ళ దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది. భార్య మంచినీళ్ళు తెచ్చింది, అన్నం వడ్డించింది, మారు వడ్డించింది. తింటున్నంతసేపూ మాటలన్నీ ఆ పిల్ల చదువు గురించే సాగాయి. బావమరిది ఒంగి దూరంగా ఉన్న గ్లాసు అందుకోబోతుంటే ఆయన చెయ్యి సాయానికి ముందుకు వెళ్ళింది, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అతనే తాగి, అతనే కింద పెట్టాడు.

సాయంత్రం బస్సుకి బయల్దేరితే భార్య చెప్పులు వేసుకుని కూడా వచ్చింది. స్టాపులో ఒకే బల్ల ఉంది, చెరో చివర కూర్చున్నారు. ఇంటికి ఎప్పుడొస్తావని ఆయన అడగలేదు. ఆవిడా ఆ మాట ఎత్తలేదు. గది అద్దె ఇంకా ఆ గడియారాల కొట్టు ఆయనకేనా ఇస్తున్నది అని అడిగింది. అవునన్నాడు. రెండు బస్సులు వచ్చాయి, రెండూ ఆయన ఊరివి కావు.

మూడోది వచ్చింది. ఆయన ఎక్కి, కిటికీ పక్కన చోటు దొరికాక వెనక్కి చూశాడు. ఆవిడ లేచి నిలబడి ఉంది గాని చెయ్యి ఊపలేదు. బస్సు కదిలాక ఇంటి వైపు తిరిగింది. ఆయన టికెట్టు తీసుకుని, మళ్ళీ ఆదివారం మొదటి బస్సు ఎన్నింటికని కండక్టరుని అడిగాడు.